మంచు మిగిలిన మాంసం

ఆహార పరిశ్రమలోకి కొత్తగా వచ్చిన యువతీ యువకులు నన్ను కలిసినప్పుడు తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు: "సార్, మీ సర్వీసులో మీరు చేసిన పెద్ద తప్పేది?" దీనికి నా దగ్గర చాలాకాలంగా ఒక సిద్ధమైన జవాబు ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం శీతల గది తలుపు సరిగా వేయక రెండు క్వింటాళ్ల మాంసం పాడుచేసిన వైనం. దాన్ని నవ్వు పుట్టేలా చెప్పడం నాకు అలవాటైపోయింది. అది నా పెద్ద తప్పు కాదు. నా పెద్ద తప్పు ఒక నివేదిక. రెండు పేజీలు. అందులో అబద్ధమన్నది ఒక్కటి కూడా లేదు. అందుకే దాని గురించి చెప్పడానికి ఇంతకాలం పట్టింది.

రాష్ట్రం ఏర్పడిన నాలుగైదేళ్లకు, నా పదవీ విరమణకు ఇంకా మూడేళ్లుందనగా, నన్ను నల్గొండకు పంపారు. ఊరి బయట, ఒకప్పుడు పాలు చల్లబరిచే కేంద్రంగా ఉండి మూతబడ్డ షెడ్డులో, గొర్రెల కాపరుల సంఘం కోసం ఒక చిన్న ప్రయోగ యూనిట్ పెట్టారు. భువనగిరి గుట్ట ఎక్కేవాళ్లు, మహబూబ్‌నగర్ దిక్కు అడవుల్లో గుడారాలు వేసుకుని మూడు నాలుగు రోజులు గడిపేవాళ్లు అప్పటికే బాగా పెరిగారు. వీపుసంచిలో వాళ్లు మోసుకెళ్లేది నూడుల్స్, బిస్కెట్లు. వేడినీళ్లు పోస్తే పది నిమిషాల్లో మటన్ కూరగా మారే తేలికపాటి పొట్లం వాళ్ల చేతికిస్తే, కాపరులకు దళారుల గుమ్మం తొక్కే అవస్థ కొంత తప్పుతుందని మా శాఖ ఆలోచన. ఆలోచన మంచిదే. ఇప్పటికీ నేను అదే అంటాను.

సూత్రం కూడా సులువైనదే. వండిన మాంసాన్ని ముక్కలు చేసి, సున్నాకు నలభై డిగ్రీల దిగువన గడ్డకట్టించి, గాలి తీసేసిన గదిలో ఉంచి నెమ్మదిగా వేడిమి ఇస్తే, ముక్కలోని మంచు నీరుగా మారకుండానే ఆవిరైపోతుంది. ఆకారం మిగులుతుంది, బరువు పోతుంది. చిక్కంతా ముక్క నడిమధ్యన ఉంటుంది. పైపైన ఎండిన ముక్క లోపల కందిగింజంత మంచు మిగిలినా, పొట్లంలో అది కరిగి నీరవుతుంది. ఆ నీటితో పాటే కుళ్లు మొదలవుతుంది.

యూనిట్‌లో నాకు సహాయంగా ఒక స్త్రీని నియమించారు. నలభై ఏళ్లుంటాయి. కాపరుల కుటుంబమే. భర్త మందతో పాటు కృష్ణ ఒడ్డు దాకా వెళ్లి వానలు పడ్డాక తిరిగివచ్చేవాడు. అంతకుముందు పదిహేనేళ్లు ఆమె కూడా అతని వెంట, వంటగిన్నెల మూట నెత్తిన పెట్టుకుని నడిచింది. షెడ్డు వెనక ఉన్న చిన్న గది ఆమెకు ఇచ్చారు. చేరిన వారానికి, గది ఎలా ఉందని అడిగాను.

"ఏమున్నది సార్, నాలుగు గోడలు," అంది. తర్వాత తనే నవ్వి, "ఇగ ఏడాదంత ఒక్క జాగల పండుకునుడు నా పెండ్లయినకాన్నుంచి గిదే మొదలు. వాన శబ్దం రేకుల మీదికెల్లి వింటుంటె మంచిగనిపిస్తది. మీద పడకుంట వింటున్న గద," అంది.

ప్రయోగం ఏడాది నిలబడితే ఆమె ఉద్యోగం ఖాయం చేస్తామని శాఖ మాట ఇచ్చింది. నిలబడకపోతే ఆమె తిరిగి వెళ్లాల్సింది మంద వెనకకే. ఈ సంగతి మొదటినుంచీ ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

మొదటి రెండు నెలలూ విఫలమయ్యాం. కొవ్వున్న ముక్కలు నెల తిరగకుండానే పాతబడ్డ నూనె వాసన కొట్టాయి. కోత కూడా కుదరలేదు. మాంసాన్ని పొడవాటి పేలికలుగా చీరి, ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఎండబెట్టే ఒట్టి తునకలు ఆమె ఇంట్లో ఏటా చేసేవే. ఆ పేలిక కండ నారల వెంబడి పోతుంది. మా యంత్రానికి నారలకు అడ్డంగా కోయాలి. ఆవిరి నార వెంబడే బయటికి వస్తుంది కనుక అడ్డకోతలో దానికి దారి దగ్గర. చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటును ఆమె చేయి మరిచిపోవడానికి రెండు వారాలు పట్టింది. ఆ తర్వాత ఆమె కోసిన ముక్కల మందం కొలిస్తే పన్నెండు మిల్లీమీటర్లకు ఒక మిల్లీమీటరు ఇటో అటో ఉండేది. సన్న ముక్కలు ఒక ట్రేలో, మందం ముక్కలు మరో ట్రేలో పెట్టాలన్న నియమాన్ని నేను రాసి గోడకు అతికించాను. ఆమెకు చదవడం రాదు. ఒకసారి వినిపించాను, చాలింది.

ఆమెది ఇంకో అలవాటు కూడా ఉండేది. ట్రే బయటికి తీయగానే చేతిని తిరగేసి వేళ్ల వెనక వైపును ముక్కల మీద ఆనించేది. లోపల మంచు మిగిలిన ముక్క చల్లగా తగులుతుంది. శాస్త్రరీత్యా అది సరైన పరీక్షే. నేను మాత్రం ఆమెకు నేర్పలేదు.

"అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను గిట్లనే సూస్తం సార్," అని చెప్పింది. "సల్లగుంటె పొయ్యి కాడికి తెస్తం."

మూడో నెలలో మొదటిసారి సరైన పొట్లం తయారైంది. సంఘం పెద్ద చూడటానికి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, ఎండాకాలమైనా భుజాన గొంగడి ఉండాల్సిందే. వరసకు ఆమెకు మామ అవుతాడు. ఎండిన ముక్కను అరచేతిలో ఎగరేసి చూశాడు.

"గొర్రె పోయింది, గొర్రె నీడ మిగిలింది సార్. గిది తిని గుట్టెక్కుతరా? గాలికి వాల్లే ఎగిరిపోతరు."

"జర ఆగు మామా," అని ఆమె గిన్నెలో వేడినీళ్లు పోసి మూత పెట్టింది. పది నిమిషాలకు మూత తీసి ఆయన ముందుంచింది. ఆయన ఒక ముక్క నమిలి, ఇంకొకటి నోట్లో వేసుకున్నాడు.

"పొద్దుగాల కోసిన యాట లెక్కనే ఉన్నది," అన్నాడు చివరికి. "కారమే తక్కువైంది."

"పట్నమోల్లు తట్టుకోరని సారే తక్కువెయ్యమన్నడు."

"కారం తట్టుకోనోల్లు గుట్టలెట్ల ఎక్కుతరే కోడలా!"

ఆ షెడ్డులో అంత బిగ్గరగా నవ్వుకున్నది ఆ ఒక్క రోజే.

వేసవిలో మాకు మొదటి పెద్ద ఆర్డరు వచ్చింది. యువకులను అడవి శిబిరాలకు తీసుకెళ్లే ఒక బృందం నూట ఇరవై పొట్లాలు కావాలంది. అవి ఎలా పోతాయో చూసి యూనిట్ సంగతి తేలుస్తామని పై అధికారి ఫోనులో చెప్పారు. మంగళవారం మధ్యాహ్నం వాళ్ల జీపు వస్తుంది. మాంసం శనివారం రావాల్సింది, సోమవారం తెల్లవారకముందు వచ్చింది. అంత మాంసం ఆమె ఒక్కతే వండి కోయలేదు గనుక సంఘం పెద్ద మరో నలుగురు కాపరులను వెంటబెట్టుకుని సాయానికి వచ్చాడు.

వాళ్ల ఊళ్లలో యాటను కోస్తే పోగులు వేస్తారు. తొడ, భుజం, పక్కబొక్క, కార్జం, ప్రతి భాగమూ ప్రతి పోగులోకి సమంగా పోవాలి. పోగు పెట్టేవాడి చేతిలో ఒక ముక్క ఇటు ఎక్కువై అటు తక్కువైతే ఆ మాట ఏళ్ల తరబడి ఊళ్లో నిలుస్తుంది. సంఘం పెద్ద చేతి పోగు అంటే చుట్టూ పది ఊళ్లలో తిరుగులేదు. ఆ సోమవారం ఆయన ట్రేలను చూశాడు. ఆయనకు అవి పోగులుగానే కనిపించాయి. తొడ నుంచి కోసిన మందం ముక్కలూ, పక్కల నుంచి తీసిన సన్నవీ ప్రతి ట్రేలోకీ సమంగా పంచి పేర్చసాగాడు.

నేను అప్పుడు పక్క గదిలో ఫోనులో ఉన్నాను. వాళ్ల మాటలు తలుపు సందుల్లోంచి వినబడ్డాయి.

"మామా, గట్ల కలపొద్దు. సన్నయి ఒక దాంట్ల, దొడ్డుయి ఒక దాంట్ల. మిషిన్ల పోగులు లెవ్వు."

"ఒకని ప్యాకెట్ల అన్ని తొడముక్కలు, ఒకని దాంట్ల అన్ని పక్కముక్కలు వస్తె ఏమంటరే? గొర్రెలోల్లు మోసం జేసిన్రు అనరా? సంఘం పేరు మీద పోతాంది గిది."

"పొయ్యేది నా పని మామా."

"నీ పని ఎక్కడికి పోతది బిడ్డా, మేమున్నంగ."

నేను బయటికి వచ్చేసరికి ట్రేలన్నీ నిండిపోయాయి. ఆమె నా ముఖం వైపు చూసింది. మళ్లీ విడదీయాలంటే మూడు గంటలు పడుతుంది. గడ్డకట్టించి ఎండబెట్టడానికి యంత్రం ఇరవై ఆరు గంటలు నడవాలి. ముక్కలో గుచ్చే ఉష్ణోగ్రత సూది ఎటూ చెబుతుంది కదా అనుకున్నాను. మధ్య ట్రేలో ఒక ముక్కలో సూదిని గుచ్చి తలుపు మూశాను. ఆ ముక్క మందం కొలిచాను కూడా: పన్నెండు మిల్లీమీటర్లు. అన్నిటికంటే మందమైన ముక్క కోసం నేను వెతకలేదు.

మంగళవారం ఒంటిగంటకు సూది, ముక్క ఎండిపోయిందని చెప్పింది. నిజమే, ఆ ముక్క ఎండిపోయింది. తలుపు తీశాం. ఆమె అలవాటు ప్రకారం వేళ్లు ఆనించింది. కింద ట్రేల దగ్గర ఆగిపోయింది.

"సార్, కింది మూడు ట్రేలు ఇంక సల్లగున్నయ్."

"సూది చూపిస్తాంది గద, అయిపోయింది."

"సల్లగున్నయ్ సార్. మీరొకపారి చెయ్యి పెట్టి సూడుండ్రి."

నేను చెయ్యి పెట్టాను. చల్లగానే ఉన్నాయి.

ఈ వృత్తిలోకి వస్తున్నవారు ఇక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. మంచు మిగిలిందో లేదో తేల్చడానికి ఖచ్చితమైన పరీక్ష ఒకటుంది. తలుపు మళ్లీ మూసి, గాలి తీసి, ట్రేలున్న గదికీ ఆవిరిని పట్టే గదికీ మధ్య ఉన్న వాల్వును మూడు నిమిషాలు కట్టేస్తే, లోపలి ఒత్తిడి పెరిగితే మంచు ఉన్నట్లు, పెరగకపోతే లేనట్లు. ఆ పరీక్షను ఇరవై ఏళ్లు నేను ఇతరులకు బోధించాను. ఆ రోజు చేయలేదు. మూడు నిమిషాలకు భయపడి కాదు, దాని జవాబుకు భయపడి. జవాబు నాకు అప్పటికే తెలుసు. ఒత్తిడి పెరిగితే ఇంకో ఎనిమిది గంటలు నడపాలి. జీపు గేటు ముందు నిలబడి ఉంది. పై అధికారి ఉదయం నుంచి రెండుసార్లు ఫోను చేశారు.

"గది చల్లదనం అది," అన్నాను ఆమెతో. "ప్యాక్ చేయి."

ఆమె మరో మాట అనలేదు. పొట్లాలు నింపింది. గాలిని పీల్చేసే చిన్న పొడి సంచిని ప్రతి పొట్లంలోనూ వేసి సీలు వేసింది. పొడిగా ఉన్న మాంసానికి ఆ సంచి రక్ష. తడి ఉన్న మాంసంలో గాలి లేకపోవడమే ఎక్కువ ప్రమాదం. అన్నిటికంటే చెడ్డ క్రిములు గాలి లేనిచోటే పెరుగుతాయి. అదీ నేను బోధించిన పాఠమే.

పంతొమ్మిది రోజుల తర్వాత, అడవిలో శిబిరం రెండో రోజున, ఏడుగురికి వాంతులు పట్టుకున్నాయి. కొన్ని పొట్లాలు ఉబ్బి ఉన్నాయట. ఎండకు అలా అయి ఉంటాయని వాళ్లు అనుకున్నారు. ఆరుగురు మర్నాటికి లేచారు. పంతొమ్మిదేళ్ల ఒక అమ్మాయి మహబూబ్‌నగర్ దవాఖానలో నాలుగు రోజులు కళ్లు సరిగా తెరవలేదు. బతికింది.

మిగిలిన పొట్లాలను వెనక్కి తెప్పించి ముక్కలను కోసి కొలిచాను. కొన్నిటి మందం ఇరవై రెండు మిల్లీమీటర్లు. నడిమధ్యన తడి. కారణం స్పష్టంగా తెలిసింది. ఆ రాత్రే నివేదిక మొదలుపెట్టాను. ముక్కల కొలతలు, యంత్రం నడిచిన గంటలు, సూది చూపిన అంకెలు, అన్నీ సరిగ్గా రాశాను. రెండో పేజీలో ఇలా ఉంటుంది: "ముక్కల పరిమాణాన్ని బట్టి ట్రేలను వేరుచేయాలన్న లిఖితపూర్వక నియమాన్ని సిబ్బంది పాటించలేదు. ప్యాకింగ్ సమయానికి పరికరాలు ఆరబెట్టడం పూర్తయినట్లు చూపాయి." రెండూ నిజాలే. సిబ్బంది అంటే చాలామంది అనిపిస్తుంది. నా కింద ఉన్నది ఆమె ఒక్కతే.

విచారణ నల్గొండలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో జరిగింది. ఆమెను బయట బల్ల మీద కూర్చోబెట్టారు. లోపలికి పిలవనే లేదు. సంఘం పెద్దను మాత్రం పిలిచారు. ఆయన గొంగడి తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ట్రేలు పేర్చింది నేను సార్. ఆమె వద్దు వద్దన్నది. నేనే ఇనలె. తప్పు నాది."

"మీరు సంఘ సభ్యులు, ఉద్యోగి కాదు," అన్నారు పై అధికారి. "నియమం పాటించాల్సిన బాధ్యత సిబ్బందిది. ఆమె ఆపి ఉండాల్సింది."

"ఎట్ల ఆపుతది సార్, నేను మామను."

ఎవరో నవ్వారు. పై అధికారి నావైపు తిరిగి, ప్యాకింగుకు ముందు ఎవరైనా ఏదైనా లోపం గమనించారా అని అడిగారు. ఆ గదిలో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. గోడకు అవతల తెలిసిన మనిషి ఇంకొకరు. ఒకే ఒక్క వాక్యం చాలు. నాకు పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది.

"రికార్డులో అలాంటిదేమీ లేదు సార్," అన్నాను.

ఇదీ నిజమే. చేతికి తగిలిన చల్లదనాన్ని రికార్డులో రాసే గడి ఏదీ లేదు.

ఆమెను తీసేశారు. మరుసటి వారం ఆమె తాళంచెవి ఇవ్వడానికి వచ్చింది. మూట అప్పటికే గేటు దగ్గర ఉంది.

"కత్తులు కడిగి పెట్టిన సార్. తుప్పు పట్టకుంట జర నూనె రాసిన." కొంచెం ఆగి, "గా పిల్ల మంచిగైందా సార్?" అని అడిగింది.

"అయింది."

"లేచి నడుస్తుందా?"

"నడుస్తుంది."

"సరే సార్," అని వెళ్లిపోయింది.

యూనిట్ ఆ తర్వాత రెండు నెలలు కూడా నడవలేదు. నన్ను శిక్షణ కేంద్రానికి మార్చారు. ఆహార భద్రత గురించి పాఠాలు చెప్పడానికి. అందులోని వ్యంగ్యం ఎవరికీ తట్టలేదు. విరమణ సభలో శాలువా కప్పి, నా నివేదికల ఖచ్చితత్వాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

ఆమెను మళ్లీ చూసింది కిందటేడు. హాలియా అవతల బంధువుల ఇంటికి వెళ్లి తిరిగివస్తున్నాను. వరికోతలు అయిపోయాయి. కాలువ పక్క పొలాల్లో మంద మేస్తోంది. బస్సు కోసం నిలబడిన చోటికి, గొర్రెలను రోడ్డు దాటించడానికి చేతికర్రతో ఒక స్త్రీ వచ్చింది. నేను గుర్తుపట్టేలోగానే ఆమె గుర్తుపట్టింది.

"బాగున్నరా సార్? సన్నబడ్డరు."

బాగున్నానన్నాను. మామ ఎలా ఉన్నాడని అడిగాను.

"పోయిండు సార్, రెండేండ్లాయె. గా ముచ్చటైనంక మల్ల పోగు చెయ్యి పట్టలె. ఊర్లె ఎవలు పిలిసినా, నా చేతి పోగు మంచిది కాదు, పోండ్రి అనేటోడు."

బస్సు ఇంకా రాలేదు. చెప్పాల్సింది ఏళ్లుగా నాలో ఉంది. చెబితే బరువు దిగుతుందనుకున్నాను. నిజాయితీగా చెప్పాలంటే, ఆమె కోసం కాదు, నా కోసమే మొదలుపెట్టాను. ఆ రోజు కింది ట్రేలు చల్లగా ఉన్నాయని నువ్వు చెప్పిన మాటను నేను నివేదికలో రాయలేదని, విచారణలో అడిగినా చెప్పలేదని అన్నాను.

"నాకెర్కే సార్. రాస్తే నన్నెందుకు తీస్తరు?" అంది మామూలుగా. గొర్రెల వైపు చూస్తూనే మాట్లాడింది. "నేను మిమ్మల్నేం అనుకోలె. మీకు సమజ్ కాలేదనుకున్న. సదువుకున్నోల్ల చెయ్యి మా చెయ్యి లెక్క ఉండదు గద, సల్లదనం తెల్వకపాయె అనుకున్న. ఇంకోపారి గట్టిగ చెప్పాల్సుండె, అడ్డం నిలబడాల్సుండె. గా పిల్ల యాదికొచ్చినప్పుడల్లా గిదే అనుకుంట. ఇంకోపారి ఎందుకు చెప్పకపోతిని అని."

అప్పుడామె నావైపు తిరిగింది.

"మీ చేతికి తెల్సిందా సార్?"

నా ఉద్యోగ జీవితంలో నన్ను ఎవరైనా అడిగిన ప్రశ్నల్లో అంత ఖచ్చితమైనది మరొకటి లేదు.

"తెల్సింది," అన్నాను.

ఆమె కాసేపు నన్నే చూసింది. కోపం లేదు, ఉంటే నాకు తేలికయ్యేది.

"గిన్నేండ్లు నేను చెప్పుడే తక్కువైందనుకున్న," అంది. నాతో అన్నట్టు లేదు. కర్ర సర్దుకుని, వెనకబడ్డ నాలుగు గొర్రెలను అదిలించి, కాలువ గట్టు ఎక్కింది. నేను ఇంకేదో చెప్పబోయాను. ఆమె వెనక్కి తిరగలేదు.